అంబరీష్‌కు ఒకరోజు నాగా

రాయల్పాడులో అంబరీష్ ఇంటిని నడిపేది నాలుగు సీమావులు, అంబరీష్ కాదు. ఈ మాట భార్య నేత్రావతి రోజూ అంటుంది. అతను రోజూ కాదంటాడు. ఆవులు మాత్రం ఏమీ అనవు.

అలాంటి ఇంటికి కోర్టు కాగితం వచ్చింది. రెండేళ్ల కిందట క్రెడిట్ కార్డు గీకి, గోడకంటే కాస్త చిన్నదైన టీవీ ఒకటి కొని, బాకీ కట్టడం మానేశాడు. బ్యాంకువాళ్లు ఫోన్ చేసినప్పుడల్లా "అంబరీష్ ఊళ్లో లేడు" అని తనే చెప్పేవాడు. విని విని వాళ్లు దావా వేశారు.

"ఆవుల్ని తోలుకుపోతారేమో మే!" అన్నాడు.

"టీవీ కొనేటప్పుడు ఆవుల్ని అడిగినావా?" అంది నేత్రావతి.

అంబరీష్ బుర్ర పాదరసంలా పనిచేసింది, ఆ ఒక్కసారికి. నేరుగా పాల డెయిరీకి వెళ్లి పాసుపుస్తకం, ఆవులు, అన్నీ భార్య పేరుకు మార్పించాడు. ఇంటి సామాన్లన్నీ ఆమెవేనని టీవీతో సహా కాగితం రాసి సంతకం పెట్టాడు.

"ఏమప్పా, ఉన్నట్టుండి పెండ్లాం మీద ఇంత ప్రేమ?" అన్నాడు డెయిరీ సెక్రటరీ మునిశామప్ప.

"ముందు నుంచీ ఉండాదిలేప్పా. ఇప్పుడు కాగితం మీద పెడతా ఉండా."

వారం తిరక్కముందే ఇస్త్రీ చొక్కా ఆయనొకడు ఫైలు పట్టుకుని కొట్టం దగ్గరికి వచ్చాడు.

"ఈ ఆవులు ఎవురివప్పా?"

కోర్టు మనిషేననుకుని అంబరీష్ పేడచేతులతోనే దండం పెట్టాడు. "నేత్రావతమ్మవి సార్."

"నువ్వెవురు?"

"పాలు పిండే కూలోన్ని."

"కూలి ఎంత?"

"దినానికి మున్నూరు రూపాయలు. నాగా పెడితే లేదు సార్." అబద్ధం అతికినట్టుండాలని చివరి ముక్క తనే కలిపాడు.

తీరా చూస్తే ఆయన ఆవుల ఇన్సూరెన్సుకు వచ్చిన మనిషి. గడపలో నిలబడి నేత్రావతి అంతా విన్నది. అంబరీష్‌కు కోర్టుకంటే దానికే ఎక్కువ భయం వేసింది.

ఆమె శ్రీనివాసపురం పోయి వకీలును కలిసి వచ్చింది. "దావా పడినాక పేర్లు మారిస్తే కోర్టు ఒప్పుకోదంట. ఇంగ దాచేది కాదు, అప్పు తీర్చాల," అని టీవీ అమ్మేసింది.

"నా టీవీ!"

"సంతకం యాడ పెట్టినావో చూపించాల్నా?"

తక్కువపడిన దానికి పాల బోనస్ కలిపి, మొగుణ్ణి వెంటబెట్టుకుని లోక్ అదాలత్‌కు వెళ్లి, బ్యాంకుతో రాజీ చేయించి కేసు మూయించింది. ఆవులు కొట్టంలోనే మిగిలాయి.

అంబరీష్‌కు ప్రాణం లేచొచ్చింది. "డెయిరీ పుస్తకం మళ్లా నా పేరుకు మార్చేద్దాం మే."

"ఎందుకు? ఇంగో కార్డు గీకేదానికా?"

"యజమాని పేరు ఉండొద్దా?"

"యజమాని ఎవురో, కూలోడు ఎవురో ఇన్సూరెన్సు ఆయనకు నువ్వే చెప్పినావు గదప్పా."

పాల డబ్బు పడిన రోజు ఆమె అతని చేతిలో కూలి పెట్టింది. అంబరీష్ సిగ్గుపడుతూనే తీసుకుని, సిగ్గు లేకుండా రెండుసార్లు ఎంచాడు.

"మున్నూరు తక్కువ ఉండాదే?"

"లోక్ అదాలత్ దినం నువ్వు చొక్కా ఇస్త్రీ చేసుకుంటా ఉంటివి. రెండు పూటలా పాలు పిండింది నేను," అంది నేత్రావతి. "ఆ దినం నీకు నాగా."