కాస్త పైకి సర్దుకుంటారా

లిస్బన్ నగరంలో కొండవాలు మీద ఉన్న ఆ చౌక హాస్టల్లో మంచాలు ఒకదాని మీద ఒకటిగా మేఘాల్లోకి వెళ్లి, అక్కడా ఆగకుండా ఇంకా పైకి ఉన్నాయి. స్థలం తక్కువ, కుర్రకారు ఎక్కువ కాబట్టి యాజమాన్యం పైకప్పు తీయించి ఇనప మంచాలు బిగించుకుంటూ పోయింది. కొన్నాళ్లకు బిగించడం మానేసినా అవి వాటంతటవే పెరిగాయట. నగరపాలక సంస్థ వాళ్లు ఏటా వచ్చి కింది మూడు మంచాలు చూసి, పైవి కూడా ఇలాగే ఉంటాయని రాసుకుని వెళ్తారు. విమానాలు వెళ్లేటప్పుడు పై మంచాల వాళ్లు కాళ్లు లోపలికి పెట్టుకోవాలన్న నిబంధన తలుపు పక్కన అంటించి ఉంది.

బెవర గౌరీశ్వరికి అన్నిటికన్నా కింది మంచం వచ్చింది. ఆవిడ సాలూరు దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరు. నల్లబల్ల మీద ఐరోపా పటం గీసినప్పుడల్లా పోర్చుగల్ తీరం పడమటికి తిరిగిన మనిషి మొహంలా వచ్చేది. ఆ ముక్కు కొసన చాక్‌పీసుతో చుక్క పెట్టి, ఐరోపా నేల ఇక్కడితో సరి, అవతలంతా నీళ్లే అని చెప్పేది. సర్వీసంతా పెట్టిన ఆ చుక్క మీద ఒక్కసారి నిలబడాలని, అక్కడి రాయి ఒకటి తెచ్చి తొమ్మిదో తరగతి బల్ల మీద పెడతానని పిల్లలకు మాటిచ్చి, వేసవి సెలవుల్లో ఒంటరిగా బయల్దేరింది. హాస్టల్లో దిగిన మర్నాడు పొద్దున్నే తిరుగు విమానం. ఆ కొసకు వెళ్లే చివరి బస్సు సాయంత్రం ఐదింటికి.

ఆవిడ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. గదిలో అప్పటికే బీరు తాగే పోటీ నడుస్తోంది. ఒకడు బకెట్ వాయిస్తున్నాడు, నలుగురు దానికి తగ్గట్టు కాక ఎవరికి తోచినట్టు వాళ్లు గెంతుతున్నారు. గౌరీశ్వరి సంచీ మంచం కింద పెట్టి, దుప్పటి పరుచుకుని, పులిహోర డబ్బా మూత తీసింది. రెండు ముద్దలు తిన్నదో లేదో, గెంతుతూ చీలమండ బెణికించుకున్న ఒక పిల్ల కుంటుకుంటూ వచ్చి, ఆంటీ, కాస్త పైకి సర్దుకుంటారా అని ఇంగ్లీషులో అడిగింది.

"అయ్యో, పర్లేదమ్మా. నువ్వు పడుకో. నేను పైకెల్తాను," అంది గౌరీశ్వరి.

ఇందులో ఆవిడకు కొత్తేమీ లేదు. రైల్లో ఆవిడ పేరున వచ్చిన లోయర్ బెర్తులో ఆవిడ ఏనాడూ పడుకోలేదు. మోకాళ్ల నొప్పులవాళ్లు, చంటిపిల్లల తల్లులు, పక్కపక్కనే ఉండకపోతే ఊపిరాడని కొత్త దంపతులు, ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. హాస్టల్లోనూ ఉన్నారు. రెండో మంచం దగ్గరకు ఎత్తంటే భయమున్న ఒక జర్మన్ కుర్రాడు వచ్చాడు. ఆ పై మంచం దగ్గరకు నలుగురు స్నేహితులు వచ్చి, తామంతా ఒకచోట లేకపోతే పాట కుదరదన్నారు. అక్కడి నుంచి ఆవిడ ఎన్ని మంచాలు మారిందో ఆవిడకే గుర్తు లేదు. ఎవరూ దురుసుగా అడగలేదు. అందరూ థాంక్యూ చెప్పారు. కుదరదు అనే హక్కు నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. దాన్ని వాడుకున్నవాళ్లు కింద ఉన్నారు.

రుయ్ అనే హాస్టల్ ఉద్యోగి ఆవిడ సంచీ మోసుకుంటూ వెంట వచ్చాడు. మేఘం మొదలయ్యే చోట ఆగి, ఇక్కడి నుంచి దుప్పటి చెమ్మగా ఉంటుందని చెప్పి, సంచీతో పాటు దుప్పటి ఆరేసుకోడానికి రెండు క్లిప్పులిచ్చి దిగిపోయాడు.

గౌరీశ్వరి మేఘంలోంచి తల పైకెత్తింది. గాలి చల్లగా, కడిగినట్టుగా ఉంది. పిట్టలు ఆవిడ మోకాళ్ల కింద ఎగురుతున్నాయి. కింది గోల అంత ఎత్తుకు చేరేసరికి, ఇంటర్వెల్లో బడి పిల్లల సందడి దూరం నుంచి వినపడినట్టుంది. మేఘం ఒకపక్క విడిపోయి తీరం కనిపించింది. నుదురు, ముక్కు, గడ్డం, అన్నీ ఉన్నాయి. తాను ఇన్నేళ్లూ చేత్తో గీసిన మొహం నిజంగా నేల మీద పడుకుని సముద్రాన్ని చూస్తోంది. ఆవిడకు ఒళ్లు జలదరించి కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కడ ఖాళీగా ఉన్న మంచం మీద నిలబడి చీర కొంగు భుజం మీదుగా కప్పుకుంది.

"బాగుంటది గద, మేడమ్. మొదటి దినం నాకు అన్నం కూడ పోలే," అన్నాడు పక్క మంచం ఆయన.

ఆయన కొమురయ్య, జగిత్యాల ఆర్టీసీ డిపోలో క్లర్కుగా రిటైరైన మనిషి. రెండు రోజుల కోసం వచ్చి, కింది మంచం కొత్త జంటకిచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. ఆపైన మంచాలన్నీ ఆ తీరు వాళ్లవే. బంగ్లాదేశ్ ముసలమ్మ, ఫిలిప్పీన్స్ నర్సులు, గుంటూరు నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్లు. అంత ఎత్తున ఎవరూ గట్టిగా మాట్లాడరు. పక్క మంచం వాళ్లకు ఇబ్బందని దగ్గు కూడా ఆపుకుంటారు.

"మీరు దిగనేదేటండి మరి?" అని అడిగింది గౌరీశ్వరి.

"దిగుదమనే అనుకున్న. నిచ్చెన ఒక్కటే గద. ఎవరో ఒకరు ఎక్కుతనే ఉంటరు. పోనీ తియ్, ముందు వాళ్లు ఎక్కనీ అని ఆగిన."

"నాకు ఐదింటికి బస్సుందండి. పిల్లలకి రాయి తెస్తానని చెప్పీసేను. నేను దిగిపోవాల."

"మీరైతే పోతరు, మేడమ్. పిల్లలకు మాటిచ్చిన్రు గద," అన్నాడు కొమురయ్య. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

గౌరీశ్వరి చాలా ముందుగానే బయల్దేరింది. కొన్ని మెట్లు దిగగానే బీరు పెట్టె మోసుకుంటూ ఇద్దరు ఎదురొచ్చారు. పాపం బరువుతో ఉన్నారని పక్క మంచం మీదకు ఒరిగి దారిచ్చింది. వాళ్ల వెనక గిటారు, గిటారు వెనక పుట్టినరోజు కేకు, కేకు వెనక దాన్ని కోయాల్సిన జనం. ఎవరూ ఆవిడను ఆపలేదు. ఒక్క మాట, కాస్త ఆగండి, నేను దిగాలి అంటే ఆగేవాళ్లే. ఆ మాట ఆవిడ గొంతు దాకా వచ్చింది. ప్రతిసారీ దాని బదులు, "ఎల్లండమ్మా, ఎల్లండి," అనే వచ్చింది. మోస్తున్న కుర్రాళ్లు థాంక్యూ చెబుతూనే ఉన్నారు.

ఐదింటికి బస్సు కదిలింది. అంత ఎత్తు నుంచి అది అగ్గిపెట్టెలా కనిపిస్తూ పడమటికి పోయింది. గౌరీశ్వరి దాన్ని మలుపు తిరిగేదాకా చూసి, ఎదురొచ్చేవాళ్లకు అడ్డమెందుకని మళ్లీ పైకెక్కి తన మంచానికి చేరింది. కొమురయ్య కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

అక్కడ వేసవిలో తొమ్మిది దాకా వెలుగుంటుంది. సూర్యుడు దిగేటప్పుడు సముద్రమంతా రాగి రంగు తిరిగింది. పై మంచాల వాళ్లంతా లేచి కూర్చున్నారు. ముక్కు కొసన, ఆవిడ చుక్క పెట్టే చోట, ఎవరో నిలబడి ఫొటో దిగుతున్నారు కాబోలు, ఒక మెరుపు మెరిసి ఆరింది. అంత అందం భరించడం ఆవిడకు కష్టమైంది. సముద్రం అవతలి అంచున భూమి వంగడం కూడా కనిపించింది. భూమి గుండ్రంగా ఉందని పిల్లలకు చెప్పడమే గానీ తను చూడడం అదే మొదటిసారి.

"చూసేను కదండి. నిలబడ్డంలో ఏటుంది?" అంది గౌరీశ్వరి. ఖాళీ అరచేతిని ఒకసారి మూసి తెరిచింది.

"గంతే గద," అన్నాడు కొమురయ్య.

అప్పుడు మేఘంలోంచి ఒక తల పైకొచ్చింది. వీపున పెద్ద సంచీ, మొహాన అలసట, చాలా మర్యాదైన నవ్వు. ఆంటీ, ఏమీ అనుకోకపోతే అని మొదలుపెట్టింది ఆ అమ్మాయి.

"పర్లేదమ్మా," అంటూ గౌరీశ్వరి, మిగతాది వినకుండానే, దుప్పటి మడత పెట్టడం మొదలుపెట్టింది.