మూడో సిలిండర్

ఆ ఆదివారం ఉదయం రవికిరణ్ పెట్టుకున్న పని చిన్నదే. నూజివీడులో బయల్దేరి చాట్రాయి వెళ్ళాలి. అక్కడ మామగారు వెంకటకృష్ణారావు గారిని కారెక్కించుకుని, చింతలపూడిలో బంధువుల అమ్మాయి నిశ్చితార్థానికి తీసుకెళ్ళాలి. అత్తగారు సీతారావమ్మ సొంత కారులో ముందు రోజే వెళ్ళిపోయారు.

పని చిన్నదే కానీ దానిమీద అతని ప్రాణం వేలాడుతోంది. ఆ ప్రాణం పేరు నీలం రంగు టర్బో కారు. ఎవరో మోజు తీరి అమ్మేస్తే కొనుక్కున్నాడు. కాలు ఆనిస్తే చాలు, ఆ మోతకి తోటల్లో కోతులు చెట్లు మారేవి. "ఇది మనుషులెక్కే బండేనా?" అని మామగారు కనబడినప్పుడల్లా దెప్పేవారు. చివరికి రవికిరణ్ విసిగిపోయి, "ఒక్కసారి ఎక్కి చూడండి మావయ్య గారూ. నచ్చకపోతే అమ్మేస్తాను" అని మాటిచ్చేశాడు.

స్టార్ట్ చేయగానే కారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. స్టీరింగ్ వెనక పసుపురంగు ఇంజన్ లైటు వెలిగింది. రవికిరణ్ ఇంజన్ లోపాలు చదివే స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింద గుచ్చాడు. దానిమీద ఒక కోడ్ పడింది. మూడో సిలిండర్లో మిస్‌ఫైర్, అంటే అక్కడ పెట్రోలు సరిగ్గా అంటుకోవడం లేదు.

విజయవాడలో కార్ల గ్యారేజీ నడిపే స్నేహితుడు అరవింద్‌కి ఫోన్ చేశాడు. "స్పార్కిచ్చే కాయిల్ పోయుంటుందిరా. మూడోదాని కాయిల్ తీసి రెండోదానికి పెట్టు. కోడ్ కూడా రెండోదానికి మారిందనుకో, తప్పు కాయిల్‌దే" అన్నాడు అరవింద్. రవికిరణ్ లుంగీ ఎగ్గట్టి, ఇంటి ముందే బానెట్ ఎత్తాడు.

సరిగ్గా అప్పుడే వెంకటకృష్ణారావు గారు కూతురికి ఫోన్ చేశారు. మామిడితోట మధ్యలో ఉన్నారేమో, సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఉదయశ్రీ చెప్పిన "కారు" అన్న మాట ఆ చెట్లలోనే ఎక్కడో తప్పిపోయింది.

"కాస్త లేటవుతుంది నాన్నా. మూడో సిలిండర్లో ఏదో ఫైరంట."

"ఫైరా! అసలు ఇంట్లో మూడు సిలిండర్లెందుకే?"

"మూడు కాదు నాన్నా, నాలుగు. పక్కపక్కనే ఉంటాయంట."

"నాలుగా! బయటికొచ్చెయ్యండి! అతనేం చేస్తున్నాడు?"

"వంగి పైన మూత తీస్తున్నారు."

"మూత తీయడమేంటమ్మా!"

అంతలో రవికిరణ్ సంతోషం పట్టలేక వీధి అదిరేలా కేకేశాడు. "ఉదయా! రెండోదానికి పాకింది! నేననుకున్నట్టే అయింది!"

చాట్రాయిలో ఆ కేక స్పష్టంగా వినబడింది. వెంటనే లైను కట్టయింది. అల్లుడికి మతి పోయిందని వెంకటకృష్ణారావు గారికి రూఢి అయిపోయింది. ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేసి, రోడ్డున పోతున్న మామిడిపళ్ళ ఆటోని ఆపి, వెనక పళ్ళమీదే ఎక్కి కూర్చున్నారు.

గంట కొట్టుకుంటూ ఫైరింజన్ వచ్చేసరికి రవికిరణ్ మొహానికి నల్లటి గ్రీజు, చేతిలో కాయిల్. ఫైరాఫీసరు సలోమోను కిందికి దూకాడు.

"మంటెక్కడండీ?"

"మంట లేదండీ. లైటొక్కటే."

"ఏ లైటు?"

"ఇంజన్ లైటండీ."

సలోమోను వెనక్కి తిరిగి డ్రైవరుతో, "మన ఇంజన్ లైటు ఆపెయ్యవయ్యా, వీళ్ళకి ఇబ్బందిగా ఉందంట" అన్నాడు.

అసలు సంగతి అతనికి బోధపడేలోగా ఇరుగుపొరుగు రంగంలోకి దిగారు. అడక్కుండా సాయం చేసే వీధి అది. టీవీ, మంచాలు, ఫ్రిజ్, దేవుడి పటాలు వరసగా రోడ్డెక్కాయి. "అయ్యో, ఏం కాలేదండీ, లోపల పెట్టండి!" అని ఉదయశ్రీ మొత్తుకుంటుంటే, "పాపం, షాక్‌లో ఉంది" అని ఆమెను కూడా కుర్చీతో సహా మోసుకొచ్చి ఫ్రిజ్ పక్కన దించారు.

సలోమోను నవ్వాపుకుని, అందరికీ జాగ్రత్తలు చెప్పి, సామాను మధ్య ఇరుక్కున్న ఫైరింజన్‌ని గంటసేపటికి బయటికి తీయించి వెళ్తుండగా మామిడిపళ్ళ ఆటో వచ్చి ఆగింది. వెంకటకృష్ణారావు గారు దిగారు. తెల్ల పంచె నిండా పసుపురంగు రసం. వెళ్ళిపోతున్న ఫైరింజన్‌ని చూశారు, రోడ్డుమీది సామాను చూశారు, అల్లుడి నల్లటి మొహం చూశారు. వచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నారు.

"ఇల్లు పోతే పోయింది బాబూ. మీరిద్దరూ మిగిలారు. నాకదే చాలు." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

మామగారు తనకోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంటారని రవికిరణ్ ఎన్నడూ అనుకోలేదు. "ఇల్లు ఉందండీ మావయ్య గారూ. పోయింది కాయిలండీ" అన్నాడు మెల్లగా.

విషయం అర్థం చేసుకోవడానికి ఆయనకి రెండు గ్లాసుల మజ్జిగ పట్టింది. ఈలోగా నిశ్చితార్థం ముహూర్తం దగ్గర పడింది. కొత్త కాయిల్ విజయవాడ నుంచి రావాలి. సమయానికి వేరే బండి దొరకలేదు. రవికిరణ్ మళ్ళీ అరవింద్‌ని అడిగాడు.

"లైటు మిణుకుమనకుండా నిలకడగా వెలుగుతోందిగా? అయితే మెల్లగా వెళ్ళొచ్చు. కాకపోతే ఇంజన్‌ని కాపాడుకోవడానికి కారే వేగం కట్టేసుకుంటుంది. నువ్వెంత తొక్కినా పరిగెత్తదు."

సామాను లోపల పెట్టించడానికి ఉదయశ్రీ ఇంటి దగ్గరే ఉండిపోయింది. అల్లుడి పంచె ఒకటి కట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వెంకటకృష్ణారావు గారు ముందు సీట్లో కూర్చున్నారు. బెల్టు పెట్టుకున్నా తలుపు పైనున్న పిడిని వదల్లేదు. కారు దగ్గుతూ, ముక్కుతూ కదిలింది. తోటల మధ్య వాళ్ళని ఒక ట్రాక్టరు దాటిపోయింది. తర్వాత ఒక మోపెడ్ కూడా దాటింది. సిగ్గుతో రవికిరణ్ తల స్టీరింగ్‌లోకి దించుకున్నాడు. ఇక ఈ బండి తనది కాదనే నిశ్చయించుకున్నాడు.

చాట్రాయి దాటాక మామగారి చెయ్యి పిడిని వదిలింది. ఆ తర్వాత సన్నగా గురక వినబడింది.

చింతలపూడిలో దిగి, ఆయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. బానెట్ మీద ప్రేమగా తట్టారు.

"అనవసరంగా ఆడిపోసుకున్నాను బాబూ. ఎంత పెద్దమనిషి తరహా! ఎవరొచ్చినా దారిస్తోంది. దీన్ని అమ్మావంటే ఊరుకోను."

మరుసటి వారం కొత్త కాయిల్ పడింది, లైటు ఆరింది, కోతులు మళ్ళీ చెట్లు మారాయి.

లక్షణమైన బండిని అల్లుడు చేజేతులా రిపేరు చేయించి పాడుచేసుకున్నాడని వెంకటకృష్ణారావు గారు ఇప్పటికీ కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుని బాధపడుతుంటారు.