వేణు ఆపిన బండి

ఆ రోజు పొద్దున వేణు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చాయ్ తాగి బోధన్ వెళ్లాలి, జహూర్ మెకానిక్‌తో బండి కార్బొరేటర్ సంగతి తేల్చుకోవాలి, మధ్యాహ్నం బువ్వ వేళకు ఎడపల్లిలో ఇంటి ముందు దర్జాగా దిగాలి. అంతే.

బండి అతని పెళ్లికంటే పాతది, టూ-స్ట్రోక్. అది వీధి మలుపు తిరిగిందంటే జనం పరుగున వెళ్లి ఆరబోసిన పసుపు మీద టార్పాలిన్ పట్టాలు కప్పేవారు. అంత పొగ! అతని భార్య పుష్పలత పెళ్లయిన కొత్తలో దాని మీద కూర్చుంది. ఆ తర్వాత ఎక్కువగా వెనక నుంచి నెట్టింది. నెట్టీ నెట్టీ విసిగి, నిజామాబాద్‌లో పాత ఇనుము కొనే రాందాస్‌కు ముందురోజే ఫోన్ చేసింది.

"గియ్యాల ఆఖరు," అంది, చాయ్ గ్లాసు ముందర పెడుతూ. "పొగ రావొద్దు. నేను నెట్టొద్దు. రెండిట్ల ఏది తప్పినా బండి రాందాసన్న ట్రాలీ ఎక్కుతది."

"రెండూ తప్పయి. సూస్తుండు నువ్వు."

పైకి ధీమాగా అన్నాడు గానీ, తన బండిని ఎవరో సుత్తితో ముక్కలు చేస్తున్నట్టు తలచుకుని వేణు చాయ్ సగంలోనే వదిలేసి లేచాడు.

బోధన్‌లో జహూర్‌కు టూ-స్ట్రోక్ ఇంజన్లంటే ప్రాణం. తన గొప్ప తాను చెప్పుకోవడమంటే అంతకన్నా ప్రాణం. ఆ రెండోది కాసేపు కానిచ్చి, అగ్గిపెట్టెలో పోసిన మూడు జెట్లు, కొన్ని కొత్త ప్లగ్గులు వేణు చేతిలో పెట్టాడు. జెట్లంటే సన్నటి బెజ్జమున్న ఇత్తడి ముక్కలు. కార్బొరేటర్ అడుగున బిగిస్తే, ఎంత బెజ్జముంటే అంత పెట్రోలు లోపలికి పోతుంది.

"ఏ జెట్టు సరిపోతదో నేను గాదు భాయ్, ప్లగ్గు చెప్తది. ఫుల్ రేస్ మీద పో. గదే ఊపుల చావి బంద్ చెయ్, క్లచ్ పట్టు. బండి ఆగినంక ప్లగ్గు విప్పి సూడు. నల్లగుంటే పెట్రోలు ఎక్కువైంది. తెల్లగుంటే తక్కువైంది, గట్లనే తోలితే ఇంజన్ గరమై పట్టేస్తది, ఇగ తిరగదు. మంచి చాయ్ రంగు వచ్చిందనుకో, బస్, పండుగే!"

"మెల్లగ రేస్ తగ్గించి ఆపితే గాదా?"

"మెల్లగ ఆపితే ప్లగ్గు అబద్ధం చెప్తది భాయ్!"

ఈ ఏర్పాటులో ఒక చిక్కుందని ఇద్దరికీ తట్టలేదు. బాణంలా పోతూ పోతూ చప్పున నోరు మూసుకునే బండి, చూసేవాళ్లకు చెడిపోయిన బండిలాగే కనిపిస్తుంది. పైగా వేణు బండి ఎక్కడ ఆగినా వెంటనే పుష్పలతకు ఫోన్ చేసి చెప్పడం ఎడపల్లిలో ఆనవాయితీ. తాడు పంపాలా మనిషిని పంపాలా అన్నది ఆమే చూసుకునేది.

తిరుగు దారిలో ఎడపల్లి బయట తిన్నటి రోడ్డు దొరకగానే వేణు రేస్ పూర్తిగా తిప్పాడు. పొగ లేచింది, చెరుకు తోటలు వెనక్కి పరుగెత్తాయి. ఠక్కున చావి తిప్పాడు. బండి జారుకుంటూ పోయి నాగవ్వ పసుపు చేను ముందు ఆగింది. ప్లగ్గు విప్పితే కాటుక పెట్టుకున్నట్టు నల్లగా ఉంది.

"మల్ల ఆగిందా కొడుకా?" చేనులోంచి నాగవ్వ కేకేసింది.

"ఆగలే అవ్వా! నేనే ఆపిన!"

"అవునవును," అంది నాగవ్వ జాలిగా, కొంగు ముడిలోంచి ఫోను తీస్తూ.

వేణుకు అవేమీ పట్టలేదు. ప్లగ్గు నిజంగానే మాట్లాడుతోంది! ఆ హుషారులో పెట్రోలు నల్లా బంద్ చేయడం కూడా మరిచి కార్బొరేటర్ అడుగు గిన్నె విప్పాడు. పెట్రోలు రోడ్డు మీద ధారకట్టింది. చిన్న జెట్టు, కొత్త ప్లగ్గు బిగించి, వెనక్కి వెళ్లి, మళ్లీ అదే రోడ్డున ఫుల్ రేస్ మీద వచ్చాడు. మళ్లీ అదే చేను ముందు ఆపాడు. ఈసారి ప్లగ్గు సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఇంకాస్త తోలి ఉంటే ఇంజన్ పట్టేసేదే.

అప్పటికే నాగవ్వ బిందెడు నీళ్లతో గట్టు దిగి వస్తోంది. "ఇంజన్ గరమైంది బిడ్డా, జరుగు. గిన్ని నీళ్లు పోస్త."

"వద్దవ్వా! పగుల్తది!" కాలుతున్న ఇంజన్ మీద చన్నీళ్లు పడకుండా వేణు బండిని రెండు చేతులా కావలించుకున్నాడు. బిందెలో నీళ్లు అతని నెత్తిన పడ్డాయి. మొహం నిండా కారాయి.

నాగవ్వ రెండోసారి ఫోన్ చేసింది. "పుష్పా, మీ ఆయన బండిని పట్టుకొని ఏడుస్తుండే. నాకు సూడబుద్ధి అయితలేదు."

పుష్పలత కంగారు పడింది. బండి పోతే పోయింది, మనిషి దక్కితే చాలనుకుంది. రాందాస్‌కు ఫోన్ చేసి తొందరగా రమ్మంది. గానుగకు చెరుకు తోలే రాజమల్లు ట్రాక్టరు ఆ రోడ్డునే వస్తుందని గుర్తొచ్చి అతనికీ చేసింది. "అన్నా, ఏమన్నా అననియ్యి, ఇనకు. బండిని, మనిషిని గల్పి తీస్కరా."

ఇక్కడ వేణు నడిమి జెట్టు బిగించి మూడోసారి వచ్చాడు. బండి గొంతే మారింది. పొగ లేదు! చావి తిప్పాడు, ఆగాడు, ప్లగ్గు విప్పాడు. చాయ్ రంగు! వేణు ఎగిరి గంతేశాడు. వేడి ప్లగ్గును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ రోడ్డు మధ్యన చిందులేశాడు. సరిగ్గా అప్పుడే రాజమల్లు ట్రాక్టరు వచ్చి ఆగింది.

"ఎండ దెబ్బ," అన్నాడు రాజమల్లు వెంట వచ్చిన కూలీలతో. "పాపం, తలకెక్కింది."

"అన్నా, బండి మంచిగున్నది! నేనే ఆపిన!"

"మంచిగుంటే స్టార్ట్ చేసి సూపియ్యి."

ప్లగ్గు చేతిలో ఉంటే ఇంజన్ ఎలా స్టార్టవుతుంది? "బిగిస్త, జర ఆగు," అని వేణు వంగేలోపే నలుగురూ పట్టి బండిని చెరుకు లోడు మీదికి ఎత్తేశారు. దాని పక్కనే వేణును కూర్చోబెట్టి, నెత్తికి తడి తువ్వాల చుట్టారు. దారి పొడుగునా అతను "ఆగలే, ఆపిన" అంటూనే ఉన్నాడు. రాజమల్లు అన్నింటికీ సరే సరే అంటూ ట్రాక్టరు కాస్త వేగంగా తోలాడు.

ఇంటి ముందు రాందాస్ ట్రాలీ తలుపు తెరిచి సిద్ధంగా ఉంది. పుష్పలత పరుగున వచ్చింది. చెరుకు మీద బండి, బండి పక్కన తువ్వాల చుట్టుకున్న మొగుడు.

"ఏమైందయ్యా నీకు?"

వేణు కిందికి దూకి పిడికిలి విప్పాడు. "ఏమీ గాలే పుష్పా. గీ చాయ్ రంగు సూడు. గిదొక్కటి సూడు, తర్వాత ఎవలకన్నా ఇచ్చెయ్."

పుష్పలత పుట్టిల్లు రుద్రూర్ దగ్గర. వాళ్లది బెల్లం వండే ఇల్లు. రంగు చూడమంటే ఊరికే చూసే మనిషి కాదు. ప్లగ్గును వెలుతురుకు పట్టింది, తిప్పింది, కళ్లు చిన్నవి చేసింది. గోటితో గీకింది. ఆమె మొహం మెల్లగా మారిపోయింది.

"ఎవలన్నరు చాయ్ రంగని? గిది పాకం సరిగ్గ ముదిరిన బెల్లం రంగు. గింత కూడ మాడలే. లోపల మంట మంచిగున్నది!"

"గదే నేను పొద్దటిసంది మొత్తుకుంటున్న!"

"బిగియ్యి మరి. నిలవడ్డవేంది?"

బండి దించారు. ఒక్క కిక్కుకే స్టార్టయింది. అందరూ సైలెన్సర్ వెనక చేరి పొగ కోసం వెతికారు. దొరకలేదు. పుష్పలత కొంగు నడుముకు చుట్టి వెనక ఎక్కింది. "నడువ్. గా ఫుల్ రేస్ ఏందో నాకు గూడ సూపియ్యి." రాందాస్ మాత్రం తలుపు మూసి, ట్రాలీని మెల్లగా వాళ్ల వెనకే పోనిచ్చాడు. ఆ బండిని ఆయన చాలాకాలంగా ఎరుగును.

తిన్నటి రోడ్డెక్కారు. "ఇంకా తిప్పు! ఇంకా!" అని పుష్పలత వీపు మీద చరుస్తోంది. వేణుకు జన్మ ధన్యమైనట్టుంది. "ఇగ ఆపు, సూద్దాం!" అందామె. ఆపాడు. ప్లగ్గు ఆమే విప్పింది. బంగారం లాంటి బెల్లం రంగు! ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

ప్లగ్గు బిగించి వేణు కిక్కు కొట్టాడు. మళ్లీ కొట్టాడు. టాంకీ మూత తీసి ఊపాడు. చుక్క పెట్రోలు లేదు. పొద్దున రోడ్డు మీద కట్టిన ధార గుర్తొచ్చి అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పొగ షరతు నెగ్గాడు. నెట్టుడు షరతు మిగిలే ఉంది.

రాందాస్ ట్రాలీ పక్కకొచ్చి ఆగింది. "ఆగిందా చెల్లె? ఎక్కియ్యమంటవా?"

పుష్పలత మొగుడి మొహం చూసింది. చేతికంటిన మసి చూసుకుంది.

"ఆగలే అన్నా," అంది నిబ్బరంగా. "మేమే ఆపినం."

రాందాస్ ట్రాలీ తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇంతలో ఆమె ఫోను మోగింది. ఎదురు చేనులోంచి నాగవ్వ. "పుష్పా, మీ ఆయన బండి మల్ల ఆగిందే. ఎనక ఎవతో ఆడామె గూడ ఉన్నది!"

"ఆగలే అవ్వా. ఆపినం. ఆ ఆడామె నేనే!"

పుష్పలత ఫోను పెట్టేసి, బండి వెనక్కి నడిచి, అలవాటైన చోట రెండు చేతులూ ఆనించింది.

అలా ఆపిన బండిని ఇద్దరూ ఇంటిదాకా నెట్టుకొచ్చారు. దారిలో పొగ మాత్రం పిసరంత కూడా రాలేదు.