గురువారం నాటి పీత డొప్పలు

ఇంటిపని చేసుకోవడానికి ఇల్లు వదిలి వెళ్ళడం, ఆ పని చేసుకోనిచ్చినందుకు ఎదురు డబ్బు కట్టి రావడం మానవ నాగరికతకు శిఖరం. ఆ శిఖరాన్ని జపానులోని మా కనజావా నగరం ఎప్పుడో ఎక్కేసింది. పైన జెండా కూడా ఆరేసుకుంది (తనే ఉతుక్కుని).

అలాంటి శిఖరం ఒకటి, ఓ హోటలు, మా పక్క పేటలో ఉంది. పేరు 'ఉచి నో యో', అంటే ఇల్లులాంటిది. నిజంగా ఇల్లులాంటిదే. కాకపోతే ఇంట్లో కసిరేది భార్య ఒక్కతే, ఇక్కడ గోడలు కూడా. గుమస్తా లేడు, వంటవాడు లేడు, పక్క సర్దే మనిషి లేడు. గుమ్మంలో ఒక ట్యాబ్లెట్ ఉంటుంది. అందులో ఓ బొమ్మ కుందేలు నడుం పడిపోయేలా వంగి స్వాగతం చెబుతుంది. గదిలో ఒక పొయ్యి, ఒక మూకుడు, రెండు గిన్నెలు, గోడ నిండా ఏ చెత్త ఏ రోజు తీసుకుంటారో చెప్పే పట్టిక. టీవీ కన్నా పట్టికే పెద్దది. కార్యక్రమాలు కూడా దాంట్లోనే ఎక్కువ.

తిథి చూసుకోకుండా వచ్చేవాణ్ణి అతిథి అంటారు. రావడానికి తిథి అక్కర్లేదు సరే, పోవడానికి కావాలని ఆ పట్టిక చదివితే గానీ తెలీదు.

మా అక్క కిమియే, బావ తొకునాగా పక్క జిల్లా నుంచి వచ్చి అందులో దిగారు. నా ఇంట్లో దింపుకుందామంటే అక్కడ నేనూ నా పుస్తకాలూ వంతులవారీగా పడుకుంటాం. వచ్చిన పని పెద్దది. వాళ్ళ అమ్మాయి చినత్సుకు సంబంధం. అబ్బాయి కోహేయ్ తరఫు ఉసామి వారు గురువారం మధ్యాహ్నం ఇంటికి రమ్మన్నారు.

ఇక్కడ బావ హోదా చెప్పాలి. తన పేటలో చెత్త విభజన పర్యవేక్షక సంఘానికి ఆయన శాశ్వత తాత్కాలిక అధ్యక్షుడు. ఎవరి సంచిలోనైనా మూత తీయని సీసా కనబడితే, ఆ సంచిని వాళ్ళింటికి మోసుకెళ్ళి, వంగి నమస్కరించి, తిరిగిచ్చి వస్తాడు. చిత్తశుద్ధి ఉన్నవాళ్ళు లోకంలో చాలామంది. చెత్తశుద్ధి ఉన్నవాడు మా బావే.

పోయినేడు దాదాపు కుదిరిన సంబంధం ఆ శుద్ధి వల్లే చెడింది. అవతలివాళ్ళ వంటింట్లోకి మంచినీళ్ళకని వెళ్ళి బుట్ట మూత ఎత్తాడు. "కాగితానికీ ప్లాస్టిక్కుకీ ఒకే బుట్టలో కాపురం పెట్టారే!" అన్నాడు. బుట్టలో కాపురం సంగతేమో గానీ పిల్ల కాపురం అక్కడే ఆగిపోయింది.

అందుకే ఈసారి చినత్సు ముందే చెప్పింది. "నాన్నా, ఆ ఇంట్లో చెత్త అన్న మాట ఎత్తకు. మంచు పడుతోందిగా, మంచు గురించి మాట్లాడు. కోహేయ్ అంటే నాకిష్టం. ఈసారి పాడుచేస్తే నీతో మాట్లాడను."

"ఎత్తను," అని బావ మాటిచ్చాడు. ఆయన మాటకు మూత ఉంటుంది.

బుధవారం సాయంత్రం అక్క బజారుకెళ్ళి పీతలు తెచ్చింది. పీతల కాలం, పైగా వంటగదికి కూడా అద్దె కట్టాం కదా అని ఆవిడ లెక్క. ముగ్గురం మాటాపలుకూ లేకుండా తిన్నాం (పీత తినేవాడు నోరు తెరిచేది పీత కోసమే). తెల్లారి గది ఖాళీ చేస్తూ బావ పట్టిక చదివి కూలబడ్డాడు. మండే చెత్త శుక్రవారం తీసుకుంటారు. ఆవేళ గురువారం. ఇంగ్లీషు మండేకీ మన మండేకీ సంబంధం లేదని తెలుసు గానీ, బావకి మాత్రం ఒళ్ళు మండింది.

ట్యాబ్లెట్లో కుందేలును నొక్కితే 'అతిథి మనశ్శాంతి కేంద్రం, మూడో ఉపశాఖ' నుంచి కుజుమి అనే అమ్మాయి పలికింది.

"పీత డొప్పలు మండే చెత్తే కదమ్మా?" అన్నాడు బావ.

"అవునండి. శుక్రవారం తీసుకుంటారండి."

"మేం ఇప్పుడే ఖాళీ చేస్తున్నాం. మరి వీటినేం చేయను?"

"అవి కూడా తమరితో పాటే ఖాళీ చేస్తాయండి."

"పోనీ ఈ రాత్రి కూడా ఉంటాం."

"గదులు లేవండి. శుక్రవారం ఖాళీ చేసే గదులకు గిరాకీ ఎక్కువండి. తమరి పీతల పట్ల మా సంస్థ తీవ్ర విచారం వ్యక్తం చేస్తోందండి."

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు. పీత చచ్చాక ఆ కష్టాలు ఎవరివో ఎవరూ చెప్పలేదు.

బావ డొప్పల్ని పత్రికలో చుట్టి, సంచిలో కట్టి, ఇంకో సంచిలో పెట్టి, ముడి మీద ముడి వేశాడు. చెత్తసంచితో వీధిలో నడిస్తే పరువు పోతుంది. వియ్యాలవారికి కొన్న మిఠాయి పెట్టె ఉన్న సంచితో పాటు కొట్టువాళ్ళు అచ్చం అలాంటిదే ఇంకో కాగితం సంచి కూడా ఇచ్చారు. చేతికిచ్చే వేళకు నలగని సంచి ఉండాలని ఇక్కడి మర్యాద. ఆ మర్యాదలోకి పీత దిగింది.

దారిలో నేనన్నాను, "బావా, ఆ దుకాణం ముందు బుట్ట ఉంది."

"ఇంటి చెత్త వేయరాదని రాసుంది, కనబడ్డంలా?"

"మనది ఇల్లు కాదుగా, హోటలు."

"దాని పేరే ఇల్లులాంటిది. చట్టానికి అది చాలు."

"పోనీ ఇలా ఇయ్యి, మా ఇంట్లో ఉంచి రేపు పారేస్తా."

"నీది వేరే పేట. ఏ పేటలో తిన్నామో ఆ పేటలోనే పారేయాలోయ్. బుద్ధుందా?"

"మరేం చేస్తావు?"

"మా ఊరు మోసుకెళ్తా. నా మీద నేనే ఫిర్యాదు చేసుకుంటా."

అక్క మంచులో ఆగి, "సంబంధం కుదిరాక చేసుకోండి ఇద్దరూ," అంది.

ఉసామి వారి ఇల్లు హోటలుకు దగ్గరే. చినత్సు నేరుగా అక్కడికే వచ్చింది. బావ బూట్లు విప్పే చోట మూలగా పీతల సంచి దాచి, మిఠాయి సంచితో లోపలికొచ్చాడు. పెట్టె ఇచ్చాడు. ఉసామి గారావిడ రెండుసార్లు వద్దని మూడోసారి పుచ్చుకుంది. అంతా సక్రమంగానే జరిగింది. అంతలో ఆవిడ టీ తేవడానికి లేచి, గుమ్మం వైపు చూసి, రెండో సంచితో తిరిగొచ్చింది.

"అన్నయ్యగారూ, ఇంకోటి గుమ్మంలోనే మర్చిపోయారు."

బావ లేచి నిలబడ్డాడు. "అది... అది పనికిరానిదండి."

మా దగ్గర వజ్రాలహారం ఇచ్చినా పనికిరానిదనే ఇవ్వాలి.

"మీరు మరీనండి," అందావిడ.

"నిజంగానండి. మీ ముందు పెట్టదగ్గది కాదు."

"అంత మాటెందుకు?"

"దయచేసి పుచ్చుకోకండి."

మూడుసార్లయింది. ఇక పుచ్చుకోకపోతే అవమానం. ఒక్క మాట అంటే గండం గడుస్తుంది. ఆ మాట బావ గొంతు దాకా వచ్చింది. ఎదురుగా చినత్సు రెప్పవేయకుండా ఆయన్నే చూస్తోంది.

"మంచు బాగా పడుతోందండి," అన్నాడు బావ.

వచ్చిన కానుక ఏదైనా ముందు ఇంట్లో పోయినవాళ్ళకు చూపించాలి. ఆవిడ సంచిని దేవుడి అరలో మామగారి ఫోటో ముందు పెట్టింది. ముసలావిడ, అంటే ఉసామి గారి తల్లి, గంట మోగించి చేతులు జోడించింది. కాసేపు గాలి పీల్చింది.

"సముద్రం వాసనేస్తోందే. మీ నాన్నకి పీతలంటే ప్రాణం," అంది కొడుకుతో.

నాకు దగ్గొచ్చింది. అక్క నా తొడ మీద గిల్లింది. ఉసామి గారు సంచి వైపు చూసి, బావ వైపు చూసి, మంచు నిజంగానే బాగా పడుతోందన్నారు.

ఆ సాయంత్రమే హోటలు కుందేలు అక్క ఫోనులో వంగింది. గదిలో చెత్త బొత్తిగా లేనందున తమరికి 'ఆదర్శ ఇంటివారు' బిరుదు ప్రదానం చేయడమైనదని తెలిపింది.

పుచ్చుకున్న కానుకలో సగం విలువ తిరిగి పంపడం ఇక్కడి రివాజు. శనివారం బావ ఇంటికి చల్లటి పార్సెల్ వెళ్ళింది. వెంటనే ఆయన నాకు ఫోను చేశాడు.

"ఏమోయ్, సగం వచ్చింది."

"దేంట్లో సగం?"

"డొప్పల్లో. ఎడమవైపు కాళ్ళన్నీ ఇక్కడున్నాయి. కుడివైపువి నిన్న వాళ్ళ పేటలో పారేశామని చీటీ పెట్టారు."

ఉసామి వారు వేళాకోళం చేశారో, ఆచారం పాటించారో నాకిప్పటికీ తెలీదు. మా దగ్గర రెండింటికీ చుట్టే కాగితం ఒకటే.

"సంబంధం పోయినట్టేనా బావా?" అన్నాను.

అవతల కాగితం మడత విప్పిన చప్పుడైంది. తర్వాత ఆయనన్నాడు.

"కడిగారోయ్. కడిగి, ఆరబెట్టి, పత్రిక విడిగా, సంచి విడిగా మడిచి పంపారు. ఆ ఇంటికి పిల్లనివ్వకపోతే ఇంకెవరికిస్తాం?"

పెళ్ళి వసంతంలో, శుక్రవారం నాడు. పంచాంగం ప్రకారం ఆ రోజు మంచిది కాదు. మునిసిపాలిటీ ప్రకారం మంచిదే.