నడుం పట్టేసినవాడు ఆటో ఎత్తితే

కేదార్ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పంజాగుట్టలో డాక్టర్ ఛాయాదేవికి నడుం చూపించుకోవాలి, ఇంకో నెల ఇంటి నుంచే పనిచేస్తానని మేనేజరు రాఘవేందర్‌ను ఒప్పించాలి. నడుంనొప్పి నిజమే పాపం, నీళ్ల బిందె కూడా ఎత్తలేడు. రాఘవేందర్‌కే నమ్మకం లేదు. "అబద్ధమని తెలిస్తే నౌకరి మర్చిపో తమ్మీ" అని ముందే చెప్పి పెట్టాడు.

అల్లుడు ఒంటరిగా ఆటో ఎలా ఎక్కి దిగుతాడోనని అత్తగారు జానకీదేవి తోడు బయల్దేరింది. అమీర్‌పేట మెట్రో దగ్గర కేదార్ మాత్రల కోసం దిగాడు. ఈలోగా డ్రైవరు నరేశ్ ఆటో తిప్పబోయి చక్రం డివైడరు మీదికెక్కించాడు. లోపలున్న జానకీదేవితో సహా ఆటో మెల్లగా పక్కకు ఒరిగి పడింది.

"అమ్మో, నా కాలు! కాలు ఇరుక్కుపోయింది నాయనోయ్!"

కేదార్ హడలిపోయాడు. ఈవిడకేమైనా అయితే ఇంట్లో భార్య మంజూషకు ఏ మొహం చూపించాలి? ఏం చేస్తున్నాడో తెలియకుండానే పరుగెత్తి, ఆటో అంచు పట్టుకుని ఒక్క ఊపున లేపేశాడు. తీరా చూస్తే ఇరుక్కున్నది కాలు కాదు, చీర కుచ్చిళ్లు.

"గింత బలం యాడికెళ్లి వచ్చిందన్నా!" అని నరేశ్ నోరు తెరిచాడు. చుట్టూ జనం ఫోన్లు తీశారు. ఆ ఫోన్లలోకి చూస్తూ జానకీదేవి అల్లుడి పేరు, కంపెనీ పేరు, హోదాతో సహా ఒత్తి ఒత్తి చెప్పింది.

పంజాగుట్ట చేరేసరికి కేదార్ నడుం పూర్తిగా బిగుసుకుపోయింది. డాక్టరు గదిలో బల్ల మీద బోర్లా పడుకున్నాడో లేదో, ఫోన్ మోగింది. రాఘవేందర్! స్పీకరులో పెట్టి ఎత్తాడు.

"ఏం తమ్మీ, బిందె లేపరాదంటివి. ఆటో ఎట్ల లేపినవ్? ఆఫీసు గ్రూపుల వీడియో అందరు చూస్తున్నరు!"

"సార్, అదీ... భయంలో అలా జరిగిపోయింది సార్."

"భయంల ఆటోలు లేస్తయా? జర నమ్మేటట్టు చెప్పు."

అల్లుణ్ణి ఎవరో తక్కువ చేస్తున్నారని జానకీదేవికి రోషం వచ్చింది. ఫోన్ లాక్కుంది.

"ఆటో ఏంటండీ, మావాడు లారీ అయినా ఎత్తేస్తాడు!"

ఉద్యోగం ఊడినట్టేనని కేదార్ కళ్లు మూసుకున్నాడు. జాలిపడి డాక్టరే ఫోన్ అందుకుంది.

"ఆయన అబద్ధం చెప్పడం లేదండీ. మామూలుగా కండరాలు దెబ్బతినకుండా మెదడు వాటి బలాన్ని కొంత ఆపి ఉంచుతుంది. బాగా భయపడితే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, ఆ ఆపిన బలం బయటికొస్తుంది. నొప్పి కూడా తెలియదు. పైగా ఎత్తింది ఒక అంచే, మిగతా బరువు నేల మీదే ఉంది. ఇప్పుడు చూడండి, కదల్లేకపోతున్నారు."

రాఘవేందర్ ఇంకోసారి అడిగి రూఢి చేసుకున్నాడు.

"అంటే మేడం, మనిషి మస్తు భయపడితే నడుంనొప్పి సుత తెల్వదంటరు?"

"అవునండీ, అప్పటికి తెలియదు."

కేదార్ హమ్మయ్య అనుకున్నాడు. రాఘవేందర్ గొంతు కూడా మెత్తబడింది.

"అయితే ఫికర్ చెయ్యకు తమ్మీ, నీ నౌకరి యాడికి పోదు. రేపట్నుంచి ఆఫీసుకు రా. నీ సీటు నా కుర్చీ ఎదురుంగనే ఏపిస్త."

కేదార్ బల్ల మీద నుంచి దిగ్గున లేచి నిటారుగా నిలబడ్డాడు. నొప్పి మచ్చుకైనా లేదు.