గంగాధరప్ప డీవీడీ మాయం

కొళాయి దగ్గర మునిలక్ష్మమ్మ చెప్పిందట. బెంగళూరు నుంచి తెల్ల కారొకటి గూళూరుకు వచ్చిందనీ, దిగినవాడు నల్ల కళ్లద్దాలు తీయకుండానే అమరేష్ ఇంట్లోకి దూరాడనీ, చచ్చిపోయిన అతని నాయన గంగాధరప్ప బొమ్మున్న డీవీడీని జేబులో వేసుకొని పోయాడనీ. కారును నువ్వు చూస్తివా అంటే, లేదు, బస్సులో పక్కన కూర్చున్నామె చూసిందట. ఈ కబురును వినుత బిందెతో పాటు మోసుకొచ్చి, మొగుడు దేవరాజ్ వీడియో అంగడిలో దించింది.

దేవరాజ్ కంటే ముందు అది ఎదుటి ఎరువుల అంగడి ఆదెప్ప చెవిన పడింది. యూరియా మూటల మధ్య కూర్చొని అపరాధ పరిశోధన నవలలన్నీ నమిలి మింగిన మనిషి. మూట దిగి, రోడ్డు దాటి, గుమ్మంలో నిలబడి ప్రకటించాడు.

"దేవరాజూ! ఈ కేసు నాకోసమే పుట్టుండాది. ఈ తాలూకాలో బుర్రుండే మనిషి ఒక్కడే. వాణ్ని నేను దినామూ అద్దంలో చూస్తాండా."

దేవరాజ్‌కు పాత కేసొకటి గుర్తొచ్చింది. ఆదెప్ప లోగడ తప్పిపోయిన బర్రెను వెదకబోయి, తప్పిపోని బర్రెను పట్టుకొచ్చిన ఘనుడు.

అయినా ఈసారి వద్దనే ధైర్యం దేవరాజ్‌కు లేదు. శుక్రవారం గంగాధరప్ప సంవత్సరీకం. పెద్ద తెర కట్టించి తండ్రి ముఖం చుట్టాలందరికీ చూపించాలని అమరేష్ పట్టుదల. గంగాధరప్ప కదిలే బొమ్మ ఉన్నది మనవరాలు రంజిత పెళ్లిలో దేవరాజ్ తీసిన వీడియోలోనే. ఆ టేపు మీద అతను ఎప్పుడో ఇంకో పెళ్లి తీసేశాడు. చుట్టాల ఇళ్లలో వీసీడీలు ఉన్నాయిగాని, వాటిని తెర మీద వేస్తే గంగాధరప్ప ముఖం సంగటి ముద్దకు మీసం అతికించినట్టుంది. ముఖం ముఖంలా ఉన్నది ఆ ఒక్క డీవీడీలో. అది దొరక్కపోతే టేపు చెరిపిన పాపం శుక్రవారం నలుగురిలో బయటపడుతుంది.

"వీసీడీని టీవీలో ఏసి, నీ కెమెరాతో ఆ టీవీని తీస్తే సరిపోదా?" అన్నాడు ఆదెప్ప.

"సంగటిని మళ్లా ఉడకబెడితే అన్నమవుతాదా అన్నా? డీవీడీలో ఉండే ఫైలును ఉండేది ఉండేట్టు కంప్యూటర్లోకి దించల్ల. మళ్లా కుదించకుండా మనకు కావల్సిన ముక్క కత్తిరించుకోవల్ల. డిస్కే లేకుంటే ఏం దించేది?"

"డిస్కు నేను తెస్తా. దించేది నువ్వు చూసుకో."

అమరేష్ ఇంట్లో బీరువా ముందు ఆదెప్ప మోకాళ్ల మీద కూర్చున్నాడు. డీవీడీ పెట్టె ఉంది, లోపల డిస్కు లేదు. పురుగుమందు డబ్బాల మీద చిన్నక్షరాలు చదివే భూతద్దం తీసి నేలంతా గాలించాడు. సుతిలి దారం ముక్క ఒకటి దొరికింది.

"చూస్తివా! కట్టేసి ఎత్తుకపోయినారు!"

"డిస్కును కట్టేసేదేంటికన్నా? అరుస్తాదా?" అన్నాడు దేవరాజ్.

గంగాధరప్ప పెళ్లాం హనుమక్క మజ్జిగ తెచ్చింది. "నాయనా, ఆ సీడీ..."

"అవ్వా! సాక్షులు నేను పిలిచినప్పుడే నోరు తెరవల్ల." మజ్జిగ మాత్రం తాగాడు.

తర్వాత అమరేష్ భార్య రక్షితను నిలదీశాడు. "నిన్న సాయంత్రం యాడుంటివి?"

"మీ అంగడి ముందరే గదన్నా, యూరియా కావాలని నిలబడుంటి. లేదని పంపిస్తిరి."

"ఆ ప్రశ్న రద్దు."

"అదిగాదు నాయనా..." అంది హనుమక్క మళ్లీ.

"పోలీసు విషయమవ్వా, నీకు తెలీదు. లోపలికి పో."

అనుమానం ఊరి చివర కేబులు నడిపే బైరప్ప మీదికి పోయింది. ఆదెప్ప వాకిట్లోనుంచే గర్జించాడు. "నీ ఆట ముగిసింది బైరప్పా! ఆ డీవీడీ లోకల్ చానెల్లో ఏసేదానికే గదా దొంగిలిస్తివి?"

"సినిమాలేస్తేనే చూసేవాళ్లు లేరు. గంగాధరప్పనేస్తే ఎవురప్పా చూసేది?" అంటూ బైరప్ప కేబులు చుట్ట చేతికి తీసుకున్నాడు. అది చూశాక పరిశోధన చాలా వేగంగా సాగింది. ఆదెప్ప టీవీఎస్ తోలుతుంటే, వెనక దేవరాజ్ ప్రాణం అరచేతిలో పెట్టుకొని కూర్చున్నాడు.

అమరేష్ పొద్దుతిరుగుడు చేను దగ్గరకు రాగానే ఆదెప్ప కళ్లలో మెరుపు కొట్టింది.

"సంకేతం! దుండగులు అద్దంతో సంకేతమిస్తాండారు!"

"బండి చూసుకోన్నా, బండి!"

బండి చూసుకునేలోగా బండే చేనును చూసుకుంది. దేవరాజ్ గట్టు మీద పడ్డాడు. ఆదెప్ప చేను నడుమ వెల్లకిలా పడ్డాడు. గింజ పట్టిన పూలన్నీ తల దించుకొని ఉంటే, ఒక్క పువ్వు మాత్రం అతని ముక్కు మీదే తళతళమంటోంది. చిలకలను బెదిరించడానికి కర్రకూ కర్రకూ కట్టిన సుతిలి తెగి, పాత సినిమా సీడీలతో సహా అతని మెడలో దండలా పడింది. దేవరాజ్ వంగి చూశాడు. ముక్కు మీది డిస్కు పైన తన చేతిరాతే: "రంజిత పెళ్లి, చింతామణి."

"సరిగ్గా నేననుకున్న చోటే దొరికింది," అన్నాడు ఆదెప్ప, లేవకుండానే.

అంగడిలో దేవరాజ్ డిస్కును సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో నడుమనుంచి అంచుకు తుడిచి కంప్యూటర్లో పెట్టాడు. అది గొణిగింది, దగ్గింది, ఒకచోట ఊపిరి బిగబట్టి ఆగిపోయింది. వెనక తల్లి హనుమక్కతో వచ్చి నిలబడిన అమరేష్ కూడా ఊపిరి బిగబట్టాడు. చివరికి ఫైలు దిగింది. దేవరాజ్ ముక్క కత్తిరించి నడిపించాడు.

చింతామణి కల్యాణ మంటపం. కెమెరా లైటు కళ్లలో పడి గంగాధరప్ప చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బీడీ పొగకు పచ్చబడిన మీసం కొసలు కూడా స్పష్టంగా ఉన్నాయి. "హో... హో..." అని, చేలో చిలకలను తోలినట్టు కెమెరాను తోలి, పకపకా నవ్వాడు.

అమరేష్ తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

ఆదెప్ప గొంతు సవరించుకున్నాడు. "ఇంక దోషి ఎవురో తేల్చల్ల."

"నేనే కట్టినా," అంది హనుమక్క. "చెప్తామనుకుంటే నువ్వు నోరు తెరవనిస్తివా?"

"ఏంటికమ్మా?" అన్నాడు అమరేష్. "మా నాయనుండేది దాంట్లోనే గదా! తీసకపోయి చేలో కడతారా?"

"ఏడాదంతా బీరువాలో పెట్టి తాళమేసినావు. ఒక్కతూరన్నా ఏసి చూస్తివా? చిలకలన్నా చూస్తాయని కట్టినా."