డయాలసిస్ వ్యానుకు అందని కృతజ్ఞత

పదిహేనేళ్లు దాటిన వాహనాలు డీజిలు మానేసి ప్రయాణికుల కృతజ్ఞతతో నడవాలన్న ఉత్తర్వు వచ్చాక, నల్లగుంటపాలెం డయాలసిస్ వ్యాను చాలాకాలం ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. దిగేటప్పుడు ప్రతివారూ ట్యాంకు మూత తీసి, వంగి, మనసులో ఉన్నది చెప్పి మూత పెట్టేవారు. ఆసుపత్రికి చేర్చి మళ్లీ ఇంటికి తెచ్చే బండి మీద వాళ్లకు నిజమైన కృతజ్ఞతే ఉండేది. అందుకని ఇంధనానికి కొరత రాలేదు.

ఆ మంగళవారం వాగు దాటి ఎత్తు ఎక్కుతూ బండి ఆయాసపడి ఆగిపోయింది. లోపల రాఘవమ్మ ఉంది. ఆమెకు పదింటికి మిషను కేటాయించారు. అప్పటికి చేరకపోతే మంచం మరొకరికి పోతుంది, ఆమె శుక్రవారం దాకా ఆగాలి. అప్పటికే పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు.

డ్రైవరు ఏడుకొండలు ఫోను చేస్తే మెకానిక్ మస్తాన్ వచ్చాడు. ముందు ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు నొక్కాడు. బుడగలు వచ్చాయి. ఒక్కో బుడగా పగులుతూ "మీ అమూల్య సహకారానికి", "ఈ శుభసందర్భంలో" అంది.

"గాలి పట్టింది. ఈ మధ్య ఎవరన్నా పెద్దోళ్లు పోశారా?" అన్నాడు మస్తాన్.

"పోయిన వారం మన వ్యాను కమిటీవాళ్లు సభ పెట్టి పోశారు భాయ్. శాలువాలు కూడా కప్పారు."

"ఎవరికి?"

"వాళ్లకు వాళ్లే."

గాలంతా తీశాక కూడా ఇంజను అందుకోలేదు. ఫిల్టరు శుభ్రంగానే ఉంది. ట్యాంకు మాత్రం దాదాపు ఖాళీ. నిన్న అందరూ చెప్పే దిగారని ఏడుకొండలు అన్నాడు. మస్తాన్ బండి కిందికి దూరి చూశాడు. మూత దగ్గరే ఒక కొత్త గొట్టం చీలి, వెనక కట్టిన ఫ్లెక్సీలోకి పోతోంది. ఫ్లెక్సీలో కమిటీ అధ్యక్షుడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు వాడిపోకుండా ఉండటానికి చెప్పిన కృతజ్ఞతంతా ముందు అక్కడికే వెళుతోంది.

"పీకెయ్ భాయ్."

"సీలేశారు. పీకితే బండినే మూలన పడేస్తారు."

ట్యాంకులో పైపుకు అందని అడుగున కాస్త పాత కృతజ్ఞత మిగిలింది. మస్తాన్ దాన్ని గ్లాసులోకి వంచి, విని, రాఘవమ్మకు అందించాడు. అది సుగుణమ్మ గొంతు. వానాకాలంలో చనిపోయేదాకా ఆమె రాఘవమ్మ పక్కనే కూర్చుని వచ్చేది. ధన్యవాదాలు అనే మాట ఆమె వాడేది కాదు. "గతుకుల్లో నెమ్మదిగా తోలావు నాయనా, నీ కడుపు చల్లగుండ" అని ఉంది.

"ఇది పంపులో పోస్తే ఆసుపత్రి దాకా పోద్ది పెద్దమ్మా. తర్వాత ఆ గొంతు ఉండదు" అన్నాడు మస్తాన్.

రాఘవమ్మ మరొకసారి చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

"పోసెయ్. కిటికీ సీటు కోసం దినాం నాతో తగూలాడేది. దాచుకున్నానని తెలిస్తే ఊరుకుంటదా" అంది.

బండి ఒక్క తిప్పుకే అందుకుంది. ఆమె పదింటికి ముందే మిషను దగ్గరికి చేరింది.

విషయం కమిటీ దాకా వెళ్లింది. గొట్టం ఉంచాలనీ, ప్రయాణికులు రెండుసార్లు చెప్పాలనీ నిర్ణయించారు. మొదటిసారి ఫొటోకు, రెండోసారి ఇంజనుకు. సాధారణంగా సరిపోతోంది. సరిపోని రోజున, ఎత్తు ముందు, అందరిలో వాపు తక్కువగా ఉన్నవారు దిగిపోతారు. ఎవరూ అడగనక్కర లేదు. దిగినవారు మూత తీసి, వంగి, ఇక్కడిదాకా తెచ్చినందుకు మనస్ఫూర్తిగా చెబుతారు. ఎత్తు ఎక్కడానికి అంత మంచి ఇంధనం మరొకటి లేదని మస్తాన్ అంటాడు.